రాజు గారు బ్రేకు కొట్టిన మలుపు

యెహెజ్కేలు గారు పోయారు గనక ఇది రాయొచ్చు. ఆయన బతికున్నంతకాలం నోరు విప్పనని పల్లంరాజు గారికి మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. అదేమీ గొప్ప కాదు. నోరు మూసుకోవడంలో నాకు అప్పటికే పదకొండేళ్ల అనుభవం ఉంది.

నా పేరు తాతాజీ. కడియం నర్సరీల్లో లారీలకు మొక్కల లోడు ఎత్తించడం నా పని. ఏ మొక్క కింద ఉండాలి, ఏది పైన ఉండాలి, టార్పాలిన్ ఎక్కడ బిగించాలి, దారిలో ఎక్కడ ఆగి నీళ్లు చల్లాలి, ఇవన్నీ చూసుకోవాలి. చదువుకున్నవాళ్లకు ఇది పనిలా కనిపించదు. మూడు రోజుల ప్రయాణం తర్వాత వాళ్ల ఊరి పార్కులో మొక్క పచ్చగా నిలబడి ఉంటే ఆ పుణ్యం మాలాంటివాళ్లదని ఎవరికీ తట్టదు. తట్టకపోతే పోనీ.

పల్లంరాజు గారిది మా ఊళ్లోనే పదెకరాల నర్సరీ. నేను ఎక్కువగా ఎత్తించింది ఆయన లోడ్లే. అయితే ఆయన పేరు చెబితే రాజమండ్రి చుట్టుపక్కల కొంతమందికి గులాబీలూ మందారాలూ కాదు, కార్ల రేసులు గుర్తొస్తాయి. మామూలు కార్లు కావు. ఒక్క మనిషి పట్టే సన్నటి బండి. పైన కప్పుండదు, నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు, "సగం కట్టి వదిలేశారేంటండీ?" అని అడిగాను. ఆయన పడీ పడీ నవ్వారు. ఏడాదికి రెండుసార్లు ఆ బండిని మద్రాసు అవతలి ట్రాక్‌కు తీసుకెళ్లి, కంపెనీల డబ్బుతో వచ్చిన బండ్లతో పోటీపడి, ఆరోవారిగానో ఏడోవారిగానో వచ్చేవారు. మాకు అదే గొప్ప. తిరిగొచ్చాక నెలరోజులు టీకొట్టు దగ్గర అదే కబురు.

ఆ బండి కట్టింది యెహెజ్కేలు గారు. రాజమండ్రిలో ఆయనకో షెడ్డు ఉండేది. పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు, జీపులు, లాంచీల మోటార్లు, ఏదైనా సరే చెవి ఒగ్గి విని జబ్బు చెప్పేవారు. ఒక మారుతి ఇంజను తెచ్చి, పైపులు వంచి, అతుకులు వేసి, ఆరు నెలల్లో రేసు బండి చేసి నిలబెట్టారు. లూథరన్ చర్చిలో పెద్దమనిషి. ఆదివారం ప్రార్థన కాకుండా స్పానరు ముట్టుకునేవారు కాదు. రేసులేమో ఆదివారాలే. అందుకని ట్రాక్ దగ్గర బండి పక్కనే మోకరించి ప్రార్థన చేసుకుని, అప్పుడు బోల్టులు బిగించేవారు. రాజు గారు బూట్లు విప్పి, అది అయ్యేదాకా పక్కనే నిలబడేవారు.

బండిని పొద్దున్నే కోరుకొండ రోడ్డు మీద పరిగెత్తించి చూసేవాళ్లం. కొండెక్కడానికి వచ్చిన భక్తులు పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టేవాళ్లు. అది నరసింహస్వామికో, బండికో నాకు ఇప్పటికీ తెలియదు.

తొంభై ఒకటిలో రెండో బండి తయారైంది. అది నడపడానికి రాజు గారు యెహెజ్కేలు గారి కొడుకు రాజ్ కుమార్‌ని ఎంచుకున్నారు. ఇరవై నాలుగేళ్లవాడు, మాట తక్కువ, షెడ్డులో పుట్టి పెరిగినవాడు. మేస్త్రి కొడుకుని సరిసమానంగా పక్కన నిలబెట్టుకుని పందెం ఆడతావా అని రాజు గారి బంధువులు మొహమ్మీదే అడిగారు. "వాడి చేతిలో ఉన్న పని మీలో ఎవరికీ లేదు," అని ఆయన తీసిపారేశారు. అంత మంచి మనిషి. కానీ మనిషే గదా. కోరుకొండ రోడ్డు మీద వాచీ పట్టింది నేను. మూడుసార్లు పరిగెత్తిస్తే మూడుసార్లూ రాజ్ కుమార్‌దే తక్కువ టైము. మూడోసారి రాజు గారు వాచీ నా చేతిలోంచి తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేశారు. ఆ వారమంతా ఆయన నవ్వు తగ్గింది. నేనొక్కణ్ణే గమనించాననుకున్నాను. యెహెజ్కేలు గారు కూడా గమనించారని తర్వాత తెలిసింది.

తొంభై రెండు ఫిబ్రవరిలో రేసు. తేదీ తెలియగానే నేను మద్రాసు లోడు ఒకటి చూసుకునేవాణ్ణి, లారీ మీద పోయి పందెం చూసి రావచ్చని. ఆసారి దొరికింది పామ్ చెట్ల లోడు. పొడుగాటి చెట్లు, లారీ వెనక నుంచి బారెడు బయటికి వచ్చాయి. అలా వస్తే చివర ఎర్రగుడ్డ కట్టాలి, వెనక వచ్చే బండివాడికి తెలియడం కోసం. కట్టాను. శనివారం మద్రాసులో చెట్లు దింపేసి, ఆదివారం ఖాళీ లారీతో ట్రాక్ దగ్గరికి వెళ్లాం. డ్రైవరు క్యాబిన్లో గుర్రుపెట్టి నిద్రపోయాడు. నా తువ్వాలు దింపుడులో బురదైపోతే ఉతికి లారీ మీద ఆరేశాను. ఎండ మాడ్చేస్తోంది. చేతికి దొరికిన ఎర్రగుడ్డ తలకు చుట్టుకుని వెళ్లాను.

అప్పటికి పదేళ్లుగా రేసులు చూస్తున్నాను. ఎర్రజెండా చూపిస్తే పందెం ఆపేసినట్టని, చూసినవాడు వెంటనే వేగం తగ్గించాలని నాకు తెలియదా అంటే, తెలుసు. మా ఊళ్లో అందరికీ విడమరిచి చెప్పిందే నేను. కానీ నా తల మీద ఉన్నది జెండా అని నాకు తోచలేదు. అది లారీ గుడ్డ. రోజూ కట్టి రోజూ విప్పే గుడ్డ. నా బుర్రలో జెండాలు ఒక చోట, లారీ గుడ్డలు ఇంకో చోట ఉండేవి.

ఎడమవైపు మలుపు దగ్గర, కంచె ఇవతల మట్టికట్ట ఒకటుంది. అక్కడైతే బండ్లు ఎదురుగా వస్తూ కనిపిస్తాయి. జెండాలు చూపించే మనిషి నిలబడే చోటు కూడా అక్కడికి పాతిక గజాలే. ఎప్పటిలాగే ఆ కట్టెక్కి నిలబడ్డాను, నేను అక్కడే ఉంటానని రాజు గారికి తెలుసు. ముందున్న కంపెనీ బండ్లు ఒక్కొక్కటే చెడిపోయి ఆగిపోతున్నాయి. ఏడో చుట్టులో అందరికంటే ముందు వచ్చింది మా నీలం బండి, రాజు గారిది. ఆ వెనకే, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ కూడా లేకుండా, రాజ్ కుమార్. ఎన్నడూ ఆరో స్థానం దాటనివాళ్లం, ముందున్న రెండు బండ్లూ మావే.

ఎడ్ల పందాల్లో మన జత ముందుకొస్తే మావైపు ఏం చేస్తాం? తలగుడ్డ లాగి గిరగిరా తిప్పుతాం. అది ఆలోచించి చేసేది కాదు. నా చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది.

రాజు గారి హెల్మెట్ నావైపు లేవడం చూశాను. ఆ వెంటనే ఆయన బండి వేగం ఒక్కసారిగా పడిపోయింది. వెనకవాడికి ఏం టైము ఉంటుంది? మామూలు కార్లయితే బంపర్లు తగిలి, సొట్టలు పడి ఊరుకునేవి. ఈ బండ్లకు చక్రాలు బయటికి ఉంటాయి. వెనక బండి ముందు చక్రం పోయి ముందు బండి వెనక చక్రాన్ని తాకిందంటే, తిరిగే చక్రం దాన్ని పైకి విసిరేస్తుంది. రాజ్ కుమార్ బండి గాల్లోకి లేచింది. కంచె దాకా వచ్చి తలకిందులుగా పడింది. నేను ఇంకా గుడ్డ ఎత్తి పట్టుకునే ఉన్నాను.

అంతకుమించి అక్కడ చూసింది రాయలేను. జనమంతా అటు పరిగెత్తారు. నన్నెవరూ చూడలేదు. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దగ్గర టీ తాగడానికి లారీ ఆపితే, ఆ గుడ్డని కొట్టువాడి పొయ్యిలో పెట్టేశాను.

విచారణ చేశారు. రాజు గారిది ఒకటే మాట, ఎర్రజెండా చూశాను, బ్రేకు కొట్టాను అని. జెండాల మనుషులందరినీ పిలిచి అడిగారు. ఎవరూ ఎర్రజెండా తీయలేదన్నారు. వాళ్లు చెప్పింది నిజమే.

రాజ్ కుమార్‌ని రాజమండ్రిలో సమాధి చేశారు. పాటలూ ప్రార్థనలూ అయిపోయి, జనం కదలబోతుంటే యెహెజ్కేలు గారు రాజు గారి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. గొంతు పెంచలేదు.

"మావాడు దాటేస్తాడని బ్రేకు కొట్టారు గదండీ?"

"ఎర్రజెండా చూశాను యెహెజ్కేలూ."

"ఎవరూ చూపించలేదంటండి. మలుపులో ముందువాడు బ్రేకు కొడితే వెనకవాడు వెనకే ఉండిపోతాడని మీకు తెలుసు. కోరుకొండ రోడ్డు మీద మీ మొహం చూశానండి నేను."

రాజు గారు చుట్టూ చూశారు. ఆయన కళ్లు నా మీద ఆగాయి.

"తాతాజీ, నువ్వు ఆ మలుపు దగ్గరే ఉన్నావు. వీళ్లందరి ముందూ చెప్పు. ఎర్రజెండా చూశావా, లేదా?"

రెండు వందల మంది నావైపు తిరిగారు. తెల్లచీరలో సువార్తమ్మ గారు, యెహెజ్కేలు గారి భార్య, తలెత్తి నన్నే చూస్తున్నారు.

"జెండా చూళ్లేదండి," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆరోజు నేను ఏ జెండా చూడలేదు. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు నోరుజారి బయటపడేదేమో. నిజం గనకనే అన్నేళ్లు నిలబడింది. రాజు గారు వెళ్లి జీపు వెనక సీట్లో కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఏ బండికీ స్టీరింగ్ పట్టలేదు.

ఎందుకు చెప్పలేదని అడగండి. మొదటి నెల పోలీసుల భయం. ఆ తర్వాత సువార్తమ్మ గారి భయం, ఆవిడ మొహంలోకి చూసి ఆ మాట ఎలా అనడమని. నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక చెబుదామనుకున్నాను. ఏడాది తిరిగాక చెబుదామనుకున్నాను. ఏడాది తిరిగాక, ఏడాదెందుకు ఆగావంటారనిపించింది. రెండేళ్లయ్యాక రెండేళ్లెందుకు ఆగావంటారు. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు. పిరికివాణ్ణి, అంతే.

రాజు గారికి తన కళ్ల మీద నమ్మకం పోయింది. రాజమండ్రిలో, కాకినాడలో, విశాఖపట్నంలో కంటి డాక్టర్లకు చూపించుకున్నారు. మీ కళ్లకేమండీ, శుభ్రంగా ఉన్నాయన్నారు అందరూ. ఆయనకు అదింకా బాధైంది. నర్సరీలో మొక్కలకు రంగు రాసి చీటీ కట్టాలి గదా, మందారం తీసుకొచ్చి నాకు చూపించేవారు.

"తాతాజీ, ఇది ఎరుపేనా?"

"ఎరుపేనండి."

"నారింజ కాదు గదా?"

"కాదండి. నిక్షేపంలాంటి ఎరుపు."

అప్పుడు చీటీ కట్టేవారు. నర్సరీలో పాతికమంది పనివాళ్లుండగా నన్నే అడిగేవారు. రంగుల విషయంలో నేను అబద్ధం చెప్పనని ఆయన నమ్మకం. అలా ఎన్ని పువ్వులకు జవాబు చెప్పానో. అసలు మాట మాత్రం చెప్పలేదు.

ఒకసారి కాలవగట్టు మీద నడుస్తూ అన్నారు, "కళ్లు బాగున్నాయంటున్నారు. జెండా లేదంటున్నారు. రెండూ నిజమైతే మరి నా కాలు బ్రేకు మీదికి ఎందుకు పోయిందంటావు?"

"పోనిద్దురూ, ఇప్పుడెందుకండీ అది."

"పోనిచ్చేది కాదు తాతాజీ. మిగిలిన కారణం ఒకటే ఉంది."

ఆ ఒకటేంటో నేను అడగలేదు.

కేబుల్ టీవీ వచ్చాక ఆదివారాలు ఆయన వసారాలో చేరేవాళ్లం. నేనూ, పాత అభిమానులు నలుగురైదుగురూ. విదేశాల్లో జరిగే రేసులు, అవే చక్రాలు బయటికున్న బండ్లు. చూస్తూ పాత కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఎనభై ఏడులో వానలో ఎలా జారామో, పెట్రోలు డబ్బా మరిచిపోయి ఎలా పరిగెత్తామో. అన్ని రేసులూ చెప్పుకునేవాళ్లం, ఒక్కటి తప్ప. యెహెజ్కేలు గారు మాత్రం కడియం వైపే రావడం మానేశారు.

రెండు వేల మూడులో రాజు గారి అమ్మాయి హారతి ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. కాలేజీలో స్నేహితులతో కలిసి చిన్న రేసు బండి కట్టింది. దాన్ని మొదటిసారి నడిపే రోజున పాతకాలపు రేసు మనుషులందరినీ పిలిచి మాట్లాడించాలని పట్టుపట్టింది. వాళ్ల నాన్న వద్దన్నారు. వద్దంటే వినే పిల్ల కాదు. యెహెజ్కేలు గారి ఇంటికి మూడుసార్లు వెళ్లింది.

"ఒక్కసారి రమ్మన్నాను బాబాయ్, బండి చూడ్డానికి," అంది నాతో. "మూడోసారి సువార్తమ్మ గారే ఆయనతో అన్నారు, ఆ పిల్లకేం తెలుసు, వెళ్లి రండని."

ఆ రోజు కాలేజీ హాలంతా పిల్లలు. ముందు వరసలో ఒక చివర రాజు గారు, ఇంకో చివర యెహెజ్కేలు గారు, ఆయన పక్కన సువార్తమ్మ గారు. పదకొండేళ్లలో ఇద్దరూ ఒక కప్పు కింద కూర్చోవడం అదే మొదలు. కాకినాడ నుంచి వచ్చిన పాత రేసరు ఒకాయన మాట్లాడాడు. వాన రేసు కథ చెప్పి నవ్వించాడు. నన్ను కూడా లేపారు. అభిమానిగా రెండు మాటలు చెప్పమంటే పెట్రోలు డబ్బా కథ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

చివర రాజు గారు లేచారు. కాగితం ఏమీ లేదు.

"మీ అందరికీ నేను ఎలా నడిపానో చెప్పారు. ఎలా మానేశానో ఎవరూ చెప్పలేదు, మర్యాద కోసం. నేను చెబుతాను. పదకొండేళ్లుగా ఎర్రజెండా చూశానంటూ వచ్చాను. ఎర్రజెండా లేదు. రాజ్ కుమార్ నాకంటే వేగంగా నడుపుతున్నాడు. వెనక వాడి ఇంజను వినిపిస్తోంది. వాడు దాటిపోతాడని నాకు తెలుసు. అది భరించలేక బ్రేకు కొట్టాను. యెహెజ్కేలు మొదటి రోజే ఈ మాటన్నాడు. అతనన్నదే నిజం."

హారతి మొహంలో రక్తం లేదు. ఆ మిగిలిన ఒక్క కారణం ఇదన్నమాట. కళ్లు బాగున్నాయి, జెండా లేదు, అయితే తప్పు తన మనసుది. పదకొండేళ్లు కూర్చుని తనమీద తనే నేరం రుజువు చేసుకున్నారు. నేను లేచి ఒక్క మాటంటే చాలు. కుర్చీ చేతులు పట్టుకున్నాను, లేవబోయాను కూడా.

అంతలో యెహెజ్కేలు గారు లేచారు. మోకాళ్లు నొప్పి, కుర్చీలు పట్టుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చారు. రాజు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఈ మాట ఆ రోజే అనుంటే ఆ రోజే అయిపోయేదండి. మీరు కాదంటున్నంతకాలం నేను క్షమించడానికి ఏమీ లేకుండా పోయింది."

"తప్పయిపోయింది యెహెజ్కేలూ."

"అయిపోయిందండి. ఇంక అయిపోయింది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. సువార్తమ్మ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరితోపాటు నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున్నే నర్సరీకి వెళ్లాను. రాజు గారు నీడలో కూర్చుని మామిడి అంట్లు కడుతున్నారు. ఆయన మొహం అంత తేటగా ఉండడం చూసి ఎన్నేళ్లయిందో.

"సువార్తమ్మ ఇందాకే ఫోన్ చేసింది," అన్నారు. "రాత్రి యెహెజ్కేలు తెల్లార్లూ నిద్రపోయాడంట. ఇన్నేళ్లూ అరుగు మీద కూర్చుని తెల్లవారేదాకా రోడ్డు చూసే మనిషి."

నేను నేల మీద కూర్చున్నాను. చెప్పేశాను. లారీ, పామ్ చెట్లు, తలగుడ్డ, మట్టికట్ట, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక అంటుకత్తి కింద పెట్టి అడిగారు.

"ఎంత ఎత్తున తిప్పావు?"

"తల మీద, చెయ్యి చాపి అండి."

"నేను ఎటు చూశాను?"

"నావైపే చూశారండి. హెల్మెట్ ఎత్తి."

"అయితే చూశాను," అన్నారు. కాసేపటికి మళ్లీ, "చూశాను," అన్నారు. రెండు అరచేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడు ఏడ్చినట్టు ఏడ్చారు. ఆయన్ని ఓదార్చే అర్హత నాకు లేదు. అలాగే కూర్చున్నాను.

"సమాధి దగ్గర నిన్ను పేరుపెట్టి అడిగాను," అన్నారు చివరికి. "ఆ తర్వాత ప్రతి పువ్వూ నీకే చూపించాను గదరా."

ముప్పయ్యేళ్లలో ఆయన నన్ను రా అనడం అదే మొదలు. కొట్టినా అంత తగిలేది కాదు.

"ఇప్పుడే వెళ్లి యెహెజ్కేలు గారితో చెప్పేస్తానండి. మీరు హాల్లో అన్నది నిజం కాదని చెబుతాను."

"చెప్పకు."

"మీ పేరు పాడైపోయిందండి నా వల్ల."

"నిన్న అతను ఆ చివర నుంచి ఈ చివరకు ఎలా నడిచొచ్చాడో చూశావా? ఇప్పుడు నువ్వెళ్లి చెబితే పదకొండేళ్లు తప్పులేనివాణ్ణి ద్వేషించానని అతనికి తెలియాలి. ఎవరి పాపమూ లేకుండా, ఎవడో సంబరపడితే తన కొడుకు పోయాడని తెలియాలి. డెబ్బయ్యేళ్ల మనిషి, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. రాత్రే గదా నిద్రపోయాడు."

"మరి మీరు?"

"నాకు నా కళ్లొచ్చాయి, చాలు. నేను అన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ వారం నేను కుళ్లుకున్నాను. వాచీ పట్టింది నువ్వే, నీకు తెలుసు." అంటు కట్టిన కొమ్మ తీసి పక్కన పెట్టారు. "నువ్వు చెప్పుకుని తేలికపడదామని వచ్చావు తాతాజీ. నా దగ్గర చెప్పుకున్నావు, అంతే. అతను బతికున్నంతకాలం ఇంకెవరికీ చెప్పొద్దు. హారతికి కూడా. మాటివ్వు."

మాటిచ్చాను. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచారు.

"ఆదివారాలు మాత్రం మానకు. నువ్వు రాకపోతే యెహెజ్కేలు ఎందుకని అడుగుతాడు."

ఆ ఆదివారం నుంచి యెహెజ్కేలు గారు చర్చి అవ్వగానే బస్సెక్కి కడియం వచ్చేవారు. నా పక్క కుర్చీయే ఆయనది. టీవీలో బండి మలుపు తిరిగితే దాని ఇంజను ఎలా కూస్తోందో నా చెవిలో చెప్పేవారు. కొత్తవాళ్లెవరైనా వస్తే, "రాజు గారు అంతమంది ముందు తప్పు ఒప్పుకున్నారండి. ఎవరు ఒప్పుకుంటారు ఈ రోజుల్లో? తాతాజీ కూడా అక్కడే ఉన్నాడు, అడగండి," అనేవారు. వాళ్లు నావైపు చూసేవాళ్లు. నేను తలాడించేవాణ్ణి. రాజు గారు టీవీ మీద నుంచి చూపు తిప్పేవారు కాదు. నాతో పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడేవారు కాదు. మందారాలకు చీటీలు తనే కట్టుకునేవారు. హారతి ఒక ఏడాదిపాటు వాళ్ల నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన అదీ భరించారు.

రెండు వేల ఆరులో రాజు గారు గుండెపోటుతో పోయారు. జిల్లా పేపర్లో నాలుగు వరసలు వేశారు. అందులో కూడా ప్రమాదానికి కారణం తానేనని ఒప్పుకున్న నిజాయితీపరుడని రాశారు. దింపుడుకళ్లం దగ్గర హారతి నా భుజం మీద తల పెట్టుకుని, "మా నాన్న చెడ్డవారు కాదు గదా బాబాయ్?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. నాకు తెలిసిన దాంట్లో నాకు అనడానికి వీలైంది ఆ ముక్క ఒక్కటే.

తర్వాత రెండేళ్లు యెహెజ్కేలు గారికి నేనే తోడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వెళ్లి కూర్చునేవాణ్ణి. మంచితనం అనుకునేవారు సువార్తమ్మ గారు, నాకని విడిగా పాలు ఉంచి కాఫీ పెట్టేవారు. ఆ కాఫీ తాగడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను.

మొన్న ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక సాయంత్రం. మాట సన్నగా అయిపోయింది ఆయనకు. దగ్గరికి రమ్మని సైగ చేశారు. మంచం అంచున కూర్చున్నాను.

"పాస్టరు గారొచ్చారు తాతాజీ. ఎవరి మీదైనా మనసులో ఏమన్నా ఉందా, ఉంటే ఇప్పుడే క్షమించేయమన్నారు."

"ఏమన్నారండీ మీరు?"

"లేదన్నాను. ఒక్క రాజు గారి మీద ఉండేది. అది ఆ రోజే పోయింది." ఊపిరి కూడదీసుకున్నారు. "ఇంకెవరున్నారు?"

నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. స్పానరు పట్టిన వేళ్లు, అప్పటికీ పట్టు వదల్లేదు. సువార్తమ్మ గారు గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నారు. ఆ మనిషి ఆ క్షణాన ఎవరినైనా క్షమించడానికి సిద్ధంగా ఉన్నారు. అడిగితే నన్నూ క్షమించేవారు. నేను ఇచ్చిన మాట ఒకటి నా నోటికి అడ్డంగా ఉంది.

"ఎవరూ లేరండి," అన్నాను.

ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నారు. ఆయనకు నిద్ర పట్టేదాకా చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నాను.